మంచులో ఆకు కోసిన అక్క

మా చిన్నప్పుడు... చలికాలం, ఇంకా వెలుతురు సరిగా రాకముందే మా చేలో పొగాకు కోత మొదలయ్యేది. పర్చూరు దగ్గర మా ఊరు. ఆ వేళప్పుడు ఆకు మీద నుంచి మంచు నీళ్లలా కారుతుండేది. కూలికి వచ్చిన ఆడవాళ్లు ఆ తడి ఆకే కోసి చంకలో పెట్టుకుని, రవికలూ చీరలూ తడిసి ముద్దవుతున్నా సాలు వెంట సాలు కోసుకుపోయేవాళ్లు. సాయంత్రానికి ఆకుని వేడికి ఎండబెట్టే బ్యారన్ నిండాలి మరి...

మధ్యాహ్నమయ్యేసరికి వాళ్లలో ఎవరో ఒకరు గట్టు మీద కూలబడేవాళ్లు. తల తిరుగుడు, వాంతులు. పైత్యం అనేవాళ్లు అందరూ. ఖాళీ కడుపుతో వస్తే అంతేనని నాన్న తేల్చేసేవాడు. కాసిని నిమ్మకాయ నీళ్లు తాగించేవాళ్లు... మర్నాడు మళ్లీ మామూలే.

మా సుజాతక్కకి మాత్రం అది మామూలుగా అనిపించలేదు. అప్పుడు అక్కది తొమ్మిదో తరగతి, నాది ఐదు. ఓ సెలవు రోజు ఇద్దరం చేలోకి వెళ్తే, కోతకొచ్చిన దీవెనమ్మ గట్టు మీద పడి ఉంది. పక్కనే చీర ఉయ్యాల్లో ఆమె చంటిపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. పాలివ్వడానికి లేవబోయి దీవెనమ్మ మళ్లీ కూలబడింది. అక్క ఆ పిల్లని భుజాన వేసుకుని, ఏడుపు ఆగేదాకా గట్టు మీద అటూ ఇటూ తిరిగింది.

ఇంటికొచ్చాక నాన్నని పట్టుకుంది. ఎండెక్కాక కోతకొచ్చేవాళ్లకి లేని పైత్యం తెల్లారే వచ్చేవాళ్లకే ఎందుకొస్తుంది? ఆకు ఆరాక కోయించొచ్చు కదా? నాన్న నవ్వాడు. మంచులో పైత్యం ఉంటే గడ్డి కోసేవాళ్లందరూ కక్కాలి కదమ్మా అన్నాడు. ఖాళీ కడుపులే తప్ప ఇంకేం లేదు, పొమ్మన్నాడు.

మర్నాడూ సెలవే. అక్క చీకటితోనే లేచి అమ్మని చద్దన్నం అడిగింది. పెరుగు, ఆవకాయ వేసుకుని మారు కూడా పెట్టించుకుంది. ముద్ద ముద్దకీ బతిమాలించుకునే పిల్ల... అమ్మ మురిసిపోయి, ఇన్నాళ్లకి దీనికి ఆకలి పుట్టిందని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. పాపం అమ్మ!

అక్క తిన్నగా చేలోకి వెళ్లి దీవెనమ్మ పక్క సాలు పట్టుకుంది. వద్దు పాపా అని దీవెనమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఎండ ముదరకముందే అక్క మొహం పాలిపోయింది. తిన్నదంతా కక్కేసింది. కబురందుకుని నాన్న పరుగెత్తుకొచ్చి, భుజాన వేసుకుని ఇంటికి తీసుకొస్తుంటే, నేను వెనకాలే ఏడుస్తూ పరుగు. దారిలో అక్క కళ్లు మూసుకునే అంది...

"నాన్నా... నేను తినే వెళ్లాను."

అక్క ఒకటిన్నర రోజు మంచం మీదే ఉండి తేరుకుంది. ఆ తర్వాత నుంచి మా చేలో ఆకు ఆరాకే కోత. బ్యారన్ నింపేసరికి చీకటి పడిపోయేది. కూతురి మాట మీద కూలివాళ్లని ఎండెక్కేదాకా ఊరికే కూర్చోబెడుతున్నాడని పక్క చేలవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నాన్న పట్టించుకోలేదు. దీవెనమ్మకి వాంతులు పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గాయి. తడి ఆకులోని విషం చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని అక్క చాలా ఏళ్ల తర్వాత డాక్టరీ చదువుతూ తెలుసుకుంది. ఆ రోజు నాన్నకి ఫోన్ చేసి ఎంతసేపు చెప్పిందో...

డాక్టరయ్యాక ఆసుపత్రి పెట్టలేదు అక్క. పొలం పనుల్లో ఒంటికెక్కే విషాల మీద పరిశోధన చేస్తూ ఊళ్లు పట్టుకు తిరిగింది. సూది వెయ్యని డాక్టరేమిటని ఊళ్లోవాళ్లు అడిగితే అమ్మ తడబడేది. ఎందుకొస్తుందో కనుక్కునే డాక్టరు అనేవాడు నాన్న, గొప్పగా.

పోయినేడు అక్క వెళ్లిపోయింది. కాన్సర్. తన రిపోర్టులు తనే చదువుకునేది. కళ్లజోడు పైకి తోసుకుని, వచ్చిన ప్రతి డాక్టరునీ ఎందుకు, ఎందుకు అని గుచ్చి గుచ్చి అడిగేది. చివరి రోజుల్లో ఓ మధ్యాహ్నం, భయంగా ఉందా అక్కా అన్నాను.

"భయంగానే ఉందే... నువ్వు చెయ్యి పట్టుకుంటే తగ్గుతోంది."

ఎందుకు తగ్గుతోందంటావ్ అని అడిగాను, నవ్విద్దామని. అక్క నిజంగానే నవ్వింది.

"ఏమోనే... తెలుసుకోవాలని లేదు. పట్టుకో."

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి తల తిరిగినా ఓ మాత్ర మింగి పనిలో పడిపోతున్నాం. ఎందుకు తిరిగిందని అడిగే మనిషి లేదు. మీ ఇంట్లో అలా ప్రశ్నలతో ప్రాణం తోడేసే అక్కో, తమ్ముడో ఉంటే కింద రాయండి... ఏమేం అడుగుతారో, మీరెంత విసుక్కుంటారో. నాకిప్పుడు విసుక్కోవడానికి కూడా అక్క లేదు.