నెత్తిమీద గిన్నె

ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇబ్రహీంపట్నం రోడ్లు ప్లాట్లు కొనేవాళ్ల కార్లతో నిండిపోయిన రోజుల్లో, మీర్‌పేట్ నుంచి వచ్చి ఓ అక్క ఇంట్లో అద్దెకు దిగాం. స్నేహితులు దూరమయ్యారని మా పాప నవ్వడమే మానేసింది. దాని పుట్టినరోజుకు ఇంటి ఓనరక్కే కేకు చేసి, పైన పూయడానికి చల్లటి క్రీము గిలక్కొట్టింది. క్రీము గట్టిపడిందా అని గిన్నెను ఎవరో ఒకరి నెత్తిమీద బోర్లించి చూడటం ఆమె అలవాటు.

"పడుతుందేమో అక్కా!"

"ఊకో తమ్మీ, జర కదలకు. పడితే కడుక్కుంటవ్, గంతే!"

బోర్లించింది. చుక్క రాలలేదు. పాప పకపకా నవ్వింది.

నేను కల్పించింది ఒక్కటే, ఆ చుక్క రాలకపోవడం. క్రీమంతా నా నెత్తిమీదే పడింది. పాప నవ్వింది అందుకే. గట్టిపడలేదని అక్కకు ముందే తెలుసని నా అనుమానం. ఎక్కడున్నా ఆమె చల్లగా ఉండాలి.