గుర్రం కన్ను

ఆవిడకు కుదురు లేదు. ఒకచోట కూర్చోదు, కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ‘కాలుగాలిన పిల్లి’ అని పేరు పెట్టాడు. నలభై దాటినా ఆ పేరూ పోలేదు, ఆ కాలూ చల్లారలేదు. అలాంటి మనిషి ఏరికోరి పట్టుకున్న ఈ కమ్మలూ లాకెట్ల పని చూడండి! ముందు కాగితం మీద జంతువు బొమ్మ వెయ్యాలి, ఆరేదాకా ఆగాలి. రంగు కరగకుండా ముందూ వెనకా వార్నిష్ పుయ్యాలి, మళ్ళీ ఆగాలి. దాన్ని గుండ్రంగా కత్తిరించి, బొటనవేలి గోరంత ఇత్తడి చట్రంలో కూర్చి, పైన జిగురులాంటి రెజిన్ పొయ్యాలి. అది గాజులా గట్టిపడేదాకా ముట్టుకోకుండా ఆగాలి. లోకంలో ఇంక పనే దొరకనట్టు ఆగే పనికే వచ్చి పడింది.

వంటింటి పక్కనున్న ఇరుకు గదే ఆమె కార్ఖానా. దుమ్ము పడకుండా బల్ల మీద గాజు గిన్నెలు బోర్లించి ఉంటాయి. వాటి కింద పిల్లులు, కుందేళ్ళు, గుడ్లగూబలు ఆరుతుంటాయి. ఈమె చెయ్యి ఊరుకుంటేగా! గిన్నె ఎత్తి చూస్తుంది, బుడగ కనిపిస్తే సూదితో గుచ్చుతుంది, గట్టిపడిందేమోనని వేలు పెడుతుంది. ఆ వేలిముద్ర అలాగే ఉండిపోతుంది. ఆమె చెవులకు వేలాడే కమ్మలన్నీ అలా చెడిపోయినవే. బాగా కుదిరినవి బజారులో కానుకల కొట్టుకు వెళ్తాయి.

ఆ కొట్టావిడ కనపడ్డప్పుడల్లా ఒకటే పోరు. “పిల్లులు చాలమ్మా తల్లీ, గుర్రాలు అడుగుతున్నారు. ఒక్కటీ ఇవ్వవేం?”

“ఇంకా కుదర్లేదండీ” అని తప్పించుకునేది ఈమె.

కుదరక కాదు. గుర్రాలున్నాయి, బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. గుర్రం ముఖమంతా వేసి, అందులో కన్ను మటుకు కత్తిరించి చేసిన లాకెట్లు. మూత తీస్తే కళ్ళన్నీ ఒక్కసారిగా మనవంకే చూస్తాయి. ఆమె భర్త ఒకసారి బిస్కెట్ కోసం ఆ డబ్బా తెరిచి, ఆ పూట టీ కూడా ముట్టలేదు.

అవన్నీ ఒకే గుర్రం కళ్ళు. వాళ్ళ నాన్న ఒకప్పుడు బండి తోలేవాడు. స్టేషన్ నుంచి బజారుకు సరుకు వేసేవాడు. బండికి కట్టిన ఎర్రగుర్రం తనకు బుద్ధి పుడితేగాని కదిలేది కాదు, అందుకని దాన్ని ‘దొరసాని’ అనేవాడు. వీధుల్లో మోటారు బళ్ళు పెరిగాక ఇక లాభం లేదని అమ్మేశాడు. అప్పటికి ఈమె బడికెళ్ళే పిల్ల.

ఆ గుర్రం కన్ను వేసి, నాన్న నోట ‘ఇదే’ అనిపించుకోవాలి. అదీ ఈమె పంతం. ఇంతకాలం తీరిగ్గానే సాగిన పంతానికి ఇప్పుడు తొందర వచ్చి పడింది. ఈమె దగ్గరే ఉంటున్న ముసలాయనకు చూపు తగ్గుతోంది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదీ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ కంటి డాక్టరు తేల్చేశాడు. అప్పట్నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. అన్నం కలుపుతూ కలుపుతూ లేచిపోయి కుంచె పట్టుకుంటోంది.

ఆ రోజు పొద్దున్నే, ఇంకా పూర్తిగా గట్టిపడని కన్నును అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న నాన్న ముందు నిలబడింది. ఆయన దాన్ని వెలుగుకు పెట్టి, దగ్గరగా, దూరంగా చూశాడు. పెదవి విరిచాడు.

“కాదే.”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎందుకు కాదు? రంగు తప్పా? రెప్ప తప్పా? ఏదో ఒకటి చెప్పొచ్చుగా నాన్నా! ఎప్పుడు చూపించినా కాదు, కాదు! దాన్ని రోజూ చూసినవాడివి నువ్వే కదా?”

ముసలాయన కిటికీ వైపు తిరిగాడు. లాకెట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

“నేనెక్కడ చూశానే? తెల్లారకముందే బండి కట్టేవాణ్ణి. రోడ్డు మీద బెదరకుండా కళ్ళకు తోలు గంతలుండేవి. విప్పేసరికి చీకటి పడేది. పగలంతా నేను చూసింది దాని చెవులు, వీపు. చెవులు వెయ్యి, ఇప్పుడే చెప్తా, అవునో కాదో.”

 ఆమె కాలు ఆడించడం మర్చిపోయింది.

“మరి కాదని ఎందుకన్నావు ఇన్నాళ్ళూ?”

“నువ్వేసేవన్నీ ఏడుపు కళ్ళే తల్లీ. అవునంటే... అది ఏడుస్తూ వెళ్ళిందని ఒప్పుకున్నట్టే కదా.” ఆయన లాకెట్‌ను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. “కొన్నవాడు గంతలు విప్పి తీసుకెళ్ళాడు. నాకు చూడబుద్ధి కాలేదు, ఇంట్లోకి వెళ్ళిపోయాను. వాకిట్లో ఉన్నది నువ్వొక్కదానివే. నిజం చెప్పు. కోపంగా చూసిందా?”

ఆమె జవాబు చెప్పకుండా గదిలోకి వెళ్ళింది. ఒక గిన్నె ఎత్తింది, దించింది. ఇంకో గిన్నె ఎత్తింది, దించింది. సిగ్గేసింది. ఆ రోజు ఏడ్చింది తను. ఆ ఏడుపంతా తీసుకెళ్ళి గుర్రం కంట్లో పెట్టింది, కింది రెప్ప మీద ప్రతిసారీ ఒక తెల్లచుక్క తడి. గుర్రం ఏం చూసిందో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించిందా? ఇప్పుడు ఆలోచించింది. వాకిలి, తాడు పట్టుకున్న మనిషి, తన గౌను, వెనక్కి దాచుకున్న తన చెయ్యి. ఆ చేతిలో క్యారెట్.

ఉన్నట్టుండి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ కన్ను వేయడానికి ఎంతోసేపు పట్టలేదు. నల్లగుడ్డు కిందికి, పక్కకు వాలింది. మూలన సన్నగా తెలుపు కనిపించింది. పై రెప్ప ఆశగా లేచింది. తడిచుక్క లేదు. ఆరాక వార్నిష్ పూసి, కత్తిరించి రెజిన్ పోసి, గిన్నె బోర్లించి, ఇక ఆ గదిలో ఉంటే చెయ్యి ఊరుకోదని తలుపు గడియ పెట్టి, తాళంచెవి భర్త చేతికిచ్చింది. ఆ పూటంతా ఇల్లు మూడుసార్లు తుడిచింది. అతను అడిగినా అడక్కపోయినా “ఇవ్వకు, నేనడిగినా ఇవ్వకు” అని చెబుతూనే ఉంది.

మర్నాడు లాకెట్ నున్నగా, వేలిముద్ర లేకుండా బయటికొచ్చింది. నాన్న దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇదేంటే, దొంగచూపు చూస్తోంది?”

“నా చేతి వంక నాన్నా. క్యారెట్ దాచుకున్నా. అది నిన్నూ చూడలేదు, కొన్నవాణ్ణీ చూడలేదు. దాని ధ్యాసంతా తిండి మీదే.”

“తిండిపోతు!” అన్నాడాయన. అని, నవ్వబోయి, పెదవులు బిగబట్టాడు. లాకెట్‌ను గుప్పిట్లో మూసి ఛాతీకి ఆనించుకున్నాడు. “ఇదే. దానిదెప్పుడూ అదే బుద్ధి.”

ఎన్నో ఏళ్ళుగా వినాలనుకున్న మాట విన్నాక కూడా ఆమె ఒకచోట నిలబడలేక గొలుసు కోసం వెతుకుతూ గదంతా తిరిగింది. వెనకనుంచి ముసలాయన గొంతు వినిపించింది.

“ఇంతకీ పెట్టావా దానికి?”

ఆమె ఆగింది. వచ్చి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుంది.

“పెట్టాను నాన్నా. నములుతూ వెళ్ళింది.”