మొదటి అంతస్తు ఎవరూ చూడలేదు

“నువ్వు చూశావనుకున్నాను!”

“బొమ్మలు వేసేవాణ్ణి నేను. కోడ్ నీది. నేనెందుకు చూస్తాను?”

“మొహాన కళ్లున్నాయి కదా, అందుకు!”

“ఆ కళ్లతోనే మూడేళ్లుగా ఇటుకలకు రంగులు వేస్తున్నాను తల్లీ. నన్నొదిలెయ్.”

తలుపుకు అవతల అక్కా బావా. ఇవతల నేను, నోట్లో బ్రష్షుతో. వాళ్లు పోట్లాడుకోవడం కొత్త కాదు. కానీ ఈసారి ఏదో గోడకు తగిలి భళ్లుమంది. వెళ్లి చూస్తే టీ కప్పు. ఎన్ని రోజుల నాటి టీయో, గోడ మీద మరక కిందికి జారుతోంది, పైన కట్టిన తొరక మాత్రం జారకుండా అక్కడే అతుక్కుని ఉంది.

ఆ గదంటేనే నాకు రోత. టీవీ మీద వెలుగు పడుతుందని కిటికీకి దుప్పటి కట్టేశారు. నేలంతా వైర్లు, వైర్లకు చుట్టుకున్న వెంట్రుకల ఉండలు. టీవీ ఆటల కంట్రోలర్లకు ఎంత జిడ్డు పట్టిందంటే ముట్టుకుంటే వేళ్లు అంటుకుంటాయి.

అందులో కూర్చుని అక్క ఆరేళ్లుగా ఒక ఆట తయారుచేస్తోంది. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్ కోసం. ఇరవై అంతస్తుల భవనంలో లిఫ్టు చెడిపోతుంది. ఒక మెకానిక్ ఒక్కో అంతస్తులో దాన్ని బాగుచేసుకుంటూ పైకి వెళ్లాలి. అంతే. కంపెనీ లేదు, జీతాల్లేవు. అక్క వారంలో ఆరు రోజులు కళ్లద్దాల షాపులో నిలబడి, వచ్చేపోయేవాళ్ల ముక్కుల మీద ఫ్రేములు పెట్టి చూపిస్తుంది. మిగతా బతుకంతా ఈ గదిలోనే.

ఈ పిచ్చి పెదనాన్న గారింట్లో పట్టింది. సెలవులకు వెళ్తే అన్నయ్యలు కన్సోల్ ముందు కూర్చుని, అక్క ఏడవకుండా తన చేతిలోనూ ఒక కంట్రోలర్ పెట్టేవాళ్లు. రెండు వేసవులు గడిచాక గానీ దాని వైరు దేనికీ తగిలించి లేదని అక్కకు తెలియలేదు. నేనైతే దాంతోనే వాళ్ల బుర్రలు పగలగొట్టేవాణ్ణి. అక్క మాత్రం, “ఏమోరా, నేనే గెలుస్తున్నట్టు ఉండేది” అని నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కన్సోల్‌లోని ఆన్‌లైన్ దుకాణంలో ఆట అమ్మకానికి పెట్టాలంటే ముందు ఆ కన్సోల్ కంపెనీ వాళ్లు పరీక్షించి పాస్ చేయాలి. మొదటిసారి ఫెయిల్. ఆట మధ్యలో కంట్రోలర్ ఊడిపోతే ఆట ఆగాలట, ఆగలేదు. ఊడిన వైరుతో రెండు వేసవులు ఆడిన మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

రెండోసారి ఫలితం ఆ రోజు పొద్దునే వచ్చింది. రెండే వాక్యాలు. ‘ఆట మొదలుపెట్టగానే తెర నల్లగా ఆగిపోయింది. ముందుకు వెళ్లలేకపోయాము.’

కింద పబ్లిషర్ చేర్చిన ముక్క. ఆటను కంపెనీకి పంపడం, జనానికి చాటడం అతని పని. ఎంత చేదు కబురు పంపినా చివర నవ్వే బొమ్మ ఒకటి తగిలిస్తాడు కాబట్టి ఇంట్లో అతని పేరు నవ్వుముఖం. ‘సోమవారంలోగా మళ్లీ పంపండి. మూడోసారీ పోతే మన ఒప్పందం ఇక్కడితో సరి.’ పక్కన ఇకిలిస్తూ బొమ్మ. ఆ రోజు శుక్రవారం.

పోనీ ఆ దుకాణమేమైనా పవిత్రమా? పోయిన నెల అందులో ‘లిఫ్ట్ రిపేర్ 2’ అని ఒకటి వచ్చింది. ఒకటో భాగం లేనే లేదు. ఎవరో మా ప్రచార వీడియోలోంచి బావ వేసిన మెకానిక్ బొమ్మ కాజేసి, దానికే మీసం తగిలించారు. ఆడితే మూడో నిమిషంలో మెకానిక్ గోడలో దూరిపోయి బయటికి రాడు. అది మాత్రం పాస్! ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

“అసలేమైందే?” అన్నాను, పెంకులు ఏరుతూ.

“మన కన్సోల్‌లో నేనాడిన ఆట ఎప్పుడూ సేవ్ అయి ఉంటుంది కదరా. మొన్న కంట్రోలర్ తప్పు దిద్దుతూ, ఆ సేవ్‌ను వెతికే కోడ్‌నూ కెలికాను. వాళ్లది కొత్త మిషన్. సేవ్ అయిందేదీ లేదు. దాని కోసం వెతికి వెతికి ఆట చచ్చింది.”

“ఆరేళ్లలో ఒక్కసారి కూడా మొదటినుంచి ఆడలేదా?”

“నేరుగా మొదటి అంతస్తుకు దూకడానికి దొంగదారి పెట్టుకున్నాను. అదే మొదలనుకున్నా.”

“మరి వచ్చినవాళ్లందరితో ఆడించావుగా?”

బావ అందుకున్నాడు. “మీ అక్క అందరినీ ఐదో అంతస్తులో కూర్చోబెట్టేది. అక్కణ్ణుంచి బాగుంటుందట.”

“బాగోదా మరి!”

“మొదటి నాలుగూ ఎవడు ఆడాలి, మీ పబ్లిషరా?”

అక్క కీబోర్డు ముందుకు లాక్కుంది. గంటలో తప్పు దిద్దింది. కన్సోల్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా పెట్టింది. నల్ల తెర పోయి మెకానిక్ వచ్చి నిలబడ్డాడు. అక్క ఆడింది, నలభై సెకన్లలో మొదటి అంతస్తు అయిపోయింది. బావ ఆడాడు, ముప్పై ఎనిమిది. ఇద్దరూ తెర మీది సూచన ఒక్కటీ చదవలేదు, వేళ్లే ఆడేశాయి.

“బాగానే ఉందిగా, పంపించెయ్” అన్నాడు బావ.

“మనకు బాగుంటుంది. మొదటిసారి చూసేవాడికో?”

అప్పుడు ఇద్దరూ నా వంక చూశారు. ఈ ఇంట్లో ఆ ఆటను ముట్టుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. కావాలనే ముట్టుకోలేదు. నేను కాలేజీ మానేసినప్పుడు అందరూ తిట్టిపోశారు. అక్క ఒక్కత్తే తిట్టలేదు. తెర మీంచి కళ్లు తిప్పకుండా, “మానేశావా, సరే” అంది. తిట్టినా బాగుండేది.

అక్క ఒక కంట్రోలర్ తీసి, చున్నీ అంచుతో జిడ్డు తుడిచి నా ముందు పెట్టింది.

“నువ్వాడరా. నేను వెనకాల కూర్చుంటా, నోరు మెదపను. ఎక్కడ విసుగొస్తే అక్కడ లేచి వెళ్లిపో. ఎందుకో చెప్పక్కర్లేదు. నా మొహం చూసి మాత్రం కూర్చోకు.”