తిరిగి ఫోన్ చేసే షరతు

ఇళ్లలో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం ఫిల్మ్ నగర్‌లో ఒక సహాయ కేంద్రం పెట్టాలనుకున్నారు. దాన్ని నడిపే సంస్థను ఎంచి, షరతులు రాసే కమిటీలో నన్నూ వేశారు. నేను జూనియర్ ఆర్టిస్టుల సంఘంలో గుమాస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. గుంపు సీన్లలో నిలబడే ఆడవాళ్ల గుర్తింపు కార్డులన్నీ ఏళ్ల తరబడి నా చేతిరాతే. బడి మొహం చూడలేదు. గోడల మీది పోస్టర్లు కూడబలుక్కుని చదవడం నేర్చాను. అందుకేనేమో, జూబ్లీ హిల్స్‌లో ఆ ఏసీ గదిలో నా మాట అందరూ వినేవారు గానీ ఎవరూ రాసుకునేవారు కారు.

చివరి సమావేశానికి ముందురోజు ఒకామె మా ఇంటికి వచ్చింది. పెళ్లి సీన్లలో ముందు వరసలో కూర్చోబెట్టే మనిషి. భర్త కారు డ్రైవరు. చెంప మీదికి కొంగు లాక్కుని గుమ్మంలోనే నిలబడింది.

"పెద్దసారూ, ఆ సెంటర్ ముచ్చట మీరే చూస్తున్నరంట. జర ఒక్క మాట చెప్పుండ్రి వాళ్లకు."

"చెప్పమ్మా."

"మాకు ఎవ్వరు ఫోన్ జెయ్యొద్దు. మేమే వస్తం, మా బాధ మేమే జెప్పుకుంటం. గంతే. నా కార్డు మీదున్న నంబరు మా ఆయనది. షూటింగ్ ఉంటే ఏజెంటు ఆయనకే జెప్తడు, ఆయన నాకు జెప్తడు. మీరే రాసిండ్రు గద, యాదికి లేదా?"

యాదికి లేకేం! కార్డులో నంబరుకు ఒకటే గడి. "నంబరు చెప్పండి" అనేవాణ్ణి. పక్కన నిలబడ్డ మొగుడో అన్నో చెప్పేవాడు. నేను రాసేవాణ్ణి. ఆమె మొహం కేసి చూసేవాణ్ణి కూడా కాదు. ఇంటికో ఫోను ఉన్న రోజుల్లో మొదలైన పద్ధతి, చేతికో ఫోను వచ్చాకా అలాగే సాగింది. మార్చాలని నాకెప్పుడూ తట్టలేదు.

మర్నాడు సమావేశంలో ఆ మాట చెప్పాను. కమిటీని నడిపే అధికారిణి ఎంతో ఓపిగ్గా నావైపు తిరిగింది.

"బాబాయ్ గారూ, ఫాలో అప్ లేకపోతే అది సర్వీస్ ఎలా అవుతుందండీ? వచ్చిన ప్రతి మహిళకూ ఒక్క రోజులో మనమే ఫోన్ చేయాలి. కాంట్రాక్టులో మెయిన్ కండిషన్ అదే."

"ఆ ఫోను ఎవరెత్తుతారో తెలియాలి కదమ్మా?"

"ఆవిడే ఎత్తుతారు. లేదంటే ఇంట్లోవాళ్లు ఇస్తారు."

ఇంట్లోవాళ్లట! పక్కనున్న నిర్మాత ఒకాయన, "బాబాయ్ ఇంకా ల్యాండ్‌లైన్ కాలంలోనే ఉన్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. షరతుల కాగితం నా దాకా వచ్చింది. సంతకం పెట్టాను.

కేంద్రం తెరిచిన కొద్దిరోజులకే ఆమె వెళ్లింది. కార్డు చూపించమన్నారు, చూపించింది. ఫోన్ చెయ్యొద్దని మరీ మరీ చెప్పిందట. అక్కడి అమ్మాయి చెడ్డదేం కాదు, కానీ షరతు షరతే. మర్నాడు కార్డు మీది నంబరుకు ఫోన్ చేసి, "మేడం నిన్న మా సెంటర్‌కి వచ్చారండీ, ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగింది. "మంచిగున్నది మేడం, థాంక్స్" అన్నాడట మగగొంతు, ఎంతో మర్యాదగా.

స్నానాల గదిలో జారిపడి ఆమె చెయ్యి విరిగిందట, భర్త చెప్పిన మాటే ఏజెంటు నాకు చెప్పాడు. అప్పటికే ఆమె టోలిచౌకిలో అక్క ఇంటికి చేరింది. చూడబోయాను.

"చెప్పిండ్రా సార్, మీరు?"

"చెప్పానమ్మా."

"మరి?"

సంతకం సంగతి దాచలేదు. ఆమె కట్టు కట్టిన చేతిని కొంగు కిందికి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

తరవాతి సమావేశానికి నివేదిక వచ్చింది. ఆమె పేరు లేదు గానీ తేదీ, వివరాలు చూసి పోల్చుకున్నాను: ఫోన్ చేశాం, క్షేమంగా ఉన్నారు, కేసు ముగిసింది. ఈసారి నవ్వలేదు. బల్ల గుద్ది మాట్లాడాను. క్షేమమని చెప్పిందెవరో అక్కడే అడిగాను. జరిగింది మాత్రం, ఆమెను ముందే అడిగి, ఆమె చెప్పమన్నంతవరకే చెప్పాను. ఫోన్ చెయ్యాలో వద్దో, చేస్తే ఏ నంబరుకు, ఏ వేళకో వచ్చినావిడే చెప్పాలని రాసేదాకా కుర్చీలోంచి లేవనన్నాను. నిర్మాత గడియారం చూసుకున్నాడు. అధికారిణి చివరికి షరతు కొట్టేసి కొత్తది రాసింది.

ఆ కబురు చెప్పడానికి మళ్లీ టోలిచౌకి వెళ్లాను.

"మంచిదే సార్. ఎవరికన్న పనికొస్తది. నేను మాత్రం ఇంక గా మెట్లు ఎక్క" అంది. ఒప్పించడానికి నాకు మొహం చెల్లలేదు. కిటికీ తలుపు కొంచెం తెరిచి, "చూడుండ్రి, మా ఆయన పొద్దుగాలకెల్లి గీడనే ఉన్నడు" అని మళ్లీ మూసేసింది.

బయటికి వచ్చాను. ఎదురుగా చాయ్ హోటల్లో అతను కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి నమస్కారం పెట్టాడు. నా చెయ్యీ అలవాటుగా సగం లేచింది. దించేశాను. వెళ్లి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అతను లేచి వెళ్లేదాకా నేనూ లేవలేదు.