ఎందుకొచ్చిందని అడిగిన మేడమ్

మా మేడమ్ ఇక లేరు. తిరుత్తణిలో తన ఇంట్లో, పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని వాళ్లక్క ఫోన్ చేసి చెప్పారు. నేనప్పుడు తిరువళ్లూరు స్టేషన్లో తిరుత్తణి రైలు కోసం నిలబడి ఉన్నాను. ఆ రోజు ఇద్దరం కలిసి ఒక పల్లెకు వెళ్లాలి. అదే రైలెక్కి ఆవిడను చివరిసారి చూడడానికి వెళ్లాను.

నేను చదివిన మెడికల్ కాలేజీలో ఆవిడ ప్రొఫెసరు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు తిరుత్తణి పక్కనుంచి ఒక కూలీ మనిషి వచ్చాడు. షుగర్ లేదు, బీపీ లేదు, రెండు కిడ్నీలూ పోయాయి. మేమంతా డయాలసిస్ అన్నాం. మేడమ్ మాత్రం, "ఎందుకు పోయినాయి?" అన్నారు. మేమంతా కేస్ షీట్ తిరగేయడం మొదలుపెట్టాం.

"తెలీదని చెప్పేదానికి సిగ్గెందుకు? తెలీదని ఊరికే కూర్చునేదానికి సిగ్గుపడండి."

అలాంటి మనుషులు ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు. మేడమ్ వాళ్ల ఊళ్లకే వెళ్లేవారు. ఏ నీళ్లు తాగుతారు, ఎండలో ఎంతసేపు పనిచేస్తారు, ఒళ్లునొప్పులకు ఏ మాత్రలు మింగుతారు అని అడిగి, రక్తం తీసి పరీక్షకు పంపేవారు. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డొచ్చేవారు కాదు. చెప్పులు వాకిట్లోనే విడిచి, వాళ్ల పక్కనే నేలమీద కూర్చునేవారు.

నన్ను పరిశోధనకు పంపమని మా ఇంటికే వచ్చారు. మా నాయన మొహం ముడుచుకున్నాడు.

"బిడ్డ డాక్టరైందని ఊరంతా చెప్పుకున్నాం మేడమ్. ఇప్పుడు పల్లెపల్లెకూ తిరగమంటారే?"

"జబ్బు యాడ మొదలవతా ఉండాదో చూసేదానికి, అన్నా. మందిచ్చేవాళ్లు శానామంది ఉండారు. ఇది చూసేదానికి ఎవురుండారు?"

"ఎవురూ లేకపోతే మా బిడ్డే కావాల్నా?"

"ప్రతి ఇంట్లోనూ ఆ మాటే అంటా ఉండారన్నా."

మా నాయన నా వైపు తిరిగాడు. చివరికి, "ఒక సంవత్సరం పోయి చూడమ్మా" అన్నాడు. ఆ సంవత్సరం ఇంకా ముగియలేదు. నా తర్వాత మాత్రం ఎవరూ రాలేదు. ప్రతి ఏడూ ఫైనలియర్ క్లాసులో, ఈ పనికి ఎవరొస్తారని మేడమ్ అడిగేవారు. పిల్లలు పీజీ కోచింగ్ పుస్తకాల్లోకి తలలు దించుకునేవారు. "రేపటేడు ఒకరన్నా వస్తారులేమ్మా" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పేవారు.

ఆవిడ పోయాక ఆ క్లాసుకు నేను వెళ్లాను. మేడమ్ అడిగిన మాటే అడిగాను. చివరి బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. పేరు రాసుకుందామని పెన్ను తీశాను.

"అటెండెన్స్ తీసుకుంటారా మేడమ్?" అంది.

ఆ అమ్మాయిని ఏమనగలను? వాళ్లింట్లోనూ ఒక నాయన ఉంటాడు. మా పరిశోధన గదిని వేరే విభాగానికి ఇస్తామని కాలేజీ ఆఫీసువాళ్లు చెప్పి వెళ్లారు. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా మెడిసిన్ పూర్తిచేసిన పిల్లలుంటే ఒక్కసారి అడిగి చూడండి. అంతకుమించి ఏం చేయాలో నాకు తోచడం లేదు.

పోయిన వారం, ఆ రోజు ఇద్దరం కలిసి వెళ్లాల్సిన పల్లెకు ఒక్కదాన్నే వెళ్లాను. తగలబెట్టిన తోటలో చెరకు కొట్టి వచ్చిన ఒకాయన బడి వరండాలో నేను రక్తం తీసే బల్ల ఎదుట కూర్చున్నాడు.

"పెద్ద మేడమ్ రాలేదామ్మా?"

చెప్పాను. ఆయన తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎందుకొస్తా ఉండాదో కనిపెట్టినారా, పోయేలోపల?" అని అడిగాడు.

"లేదన్నా."

ఆయన మసి అంటిన చెయ్యి నా ముందు చాచాడు. ఆయన వెనక, గేటు దాటి రోడ్డు దాకా నిలబడినవాళ్లు ఒక్కొక్కరే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నారు.