ఎదురింటి అక్క హస్తవాసి

నరసరావుపేటలో మా వీధిలో ఎవరు మొక్క నాటాలన్నా ఎదురింటి అక్కను పిలిచేవాళ్లు. ఆమె జాకెట్లు కుట్టే మనిషి. బిస్మిల్లా అనుకుంటూ ఆమె కొమ్మ గుచ్చితే అది బతికి తీరుతుందని అందరికీ నమ్మకం. మా గేటు పక్కన నీలంపూల ప్లంబాగో కూడా ఆమె నాటిందే. రెండేళ్లలో గోడెత్తు పొద అయింది. లేత నీలం గుత్తులు, వాటి తొడిమలకు జిగురు. పక్కనుంచి నడిస్తే పూలు లుంగీకి అంటుకుని ఇంట్లోకి వచ్చేసేవి. కొత్త చిగుళ్లకే పూత వస్తుందని, ఒక విడత పూలు రాలగానే అక్క తన పాత కత్తెర తెచ్చి కొమ్మల్ని సగానికి కోసేది.

నిరుడు అలా కోశాక వచ్చిన చిగుళ్లకు పిండినల్లి పట్టింది. మిరపచేలో వాడే స్ప్రేయర్ తెచ్చి పురుగుమందు కొట్టాను. నాలుగో రోజుకు ఆకులు మెలితిరిగాయి. పదిహేను రోజుల్లో పొదంతా ఎండిపోయింది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. పాలబండి దగ్గర వీధి ఆడవాళ్లంతా నిలబడి ఉండగా అక్క మీద అరిచాను.

“ఏందక్కా, అట్టా కోసేస్తే చావక ఏం చేస్తది? నీ చెయ్యి పడే పోయింది చెట్టు!”

అక్క పాలగిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మొక్క నాటడానికి ఆమెను ఎవరూ పిలవలేదు.

రెండు నెలలకు, పెరట్లో వంగమొక్కలకు మందు కొడితే అవీ అచ్చం అలాగే మెలితిరిగాయి. ముందురోజే అదే స్ప్రేయర్‌తో చేను గట్ల మీద గడ్డిని చంపే మందు కొట్టి, ట్యాంకు కడక్కుండా అందులోనే పురుగుమందు కలిపాను. ప్లంబాగోకూ అదే చేశానని అప్పుడు గుర్తొచ్చింది. ముప్పయ్యేళ్లుగా చేలో మందులు కొడుతున్నవాణ్ణి! ఎవరితో చెప్పుకోను? సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వీధి దాటి వెళ్లి అక్కకు చెప్పలేదు.

వానలు పడ్డాక అక్కే తనింటి ప్లంబాగో పొదలోంచి ఒక కొమ్మ తెచ్చింది.

“నువ్వే గుచ్చుకో తమ్ముడూ. నా చెయ్యి వద్దులే,” అంది.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. “సరే అక్కా,” అన్నాను.

ఈ ఏడు నా పొద విరగబూసింది. అక్క మాత్రం తన పొదకు కూడా కత్తెర పెట్టడం మానేసింది. అది కాడలు సాగి, ఎక్కడో ఒక గుత్తి పూస్తోంది.

మొన్న మూలింటి కోడలు నడివీధిలోంచి కేకేసింది.

“బాబాయ్, నీ హస్తవాసి చానా మంచిదంటగా. మాకూ ఒక కొమ్మ గుచ్చిపోరాదా?”

ఎదురింట్లో కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆ హస్తవాసి నాది కాదమ్మా, అక్కదని చెప్పాలి. చెట్టును చంపింది నేనని చెప్పాలి. మిషను మళ్లీ మొదలయ్యేదాకా తల దించుకుని నిలబడ్డాను. తర్వాత ఒక కొమ్మ కోసుకుని మూలింటికి వెళ్లాను.