మిర్చి ఓడ నుంచి నేను తీసేసిన నిమ్మకాయ

గౌరవనీయులైన పాఠకులారా, మూఢనమ్మకాలను నిర్మూలించాలన్న ఉన్నతాశయంతో బయలుదేరి, మా కళాశాల ల్యాబులో ప్రతి కంప్యూటరుకూ ఒక నిమ్మకాయ వేలాడే స్థితిని తీసుకొచ్చిన ఏకైక హేతువాదిని నేను. ఈ ఘనకార్యంలో ఒక అంతరిక్ష నౌక ముక్కలైంది. ఒక తండ్రి సభలోంచి లేచి వెళ్ళిపోయాడు. ఒక మంచి స్నేహితుడు గుంటూరు బ్రాడీపేటలో బ్యాంకు పరీక్షల కోచింగు పాలయ్యాడు. రక్తపాతం మాత్రం జరగలేదు. నా తరఫున చెప్పుకోదగ్గ వాదన అదొక్కటే.

పేరు మాధవి. ఊరు చిలకలూరిపేట. ఇంజనీరింగు చదివినన్నాళ్ళూ నేను కళాశాల డిబేటు జట్టుకు నాయకురాలిని. హాస్టల్లో ఇడ్లీ ఎందుకింత గట్టిగా ఉందని మొదలుపెట్టి, అసలు హాస్టల్ అనే వ్యవస్థ ఎందుకుండాలన్న దాకా వెళ్ళకుండా నేను ఫలహారం ముగించిన రోజు లేదు. నన్ను దూరం నుంచి చూడగానే వంటాయన గరిటె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయేవాడు. వీటన్నిటికీ మించిన విద్య ఒకటి నా దగ్గరుండేది. ఎదుటివారి వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం నేనే పూర్తి చేసి, నేను పూర్తి చేసిన దాన్నే ఖండించేదాన్ని. దీనికి నాకు కప్పులు కూడా ఇచ్చారు. నేరంలో ఇతరుల భాగస్వామ్యం కూడా ఉందని చెప్పడానికే ఈ సంగతి ప్రస్తావిస్తున్నాను.

జానీ నా క్లాస్‌మేట్. దర్శి దగ్గర పల్లెటూరు వాడు. వాళ్ళ నాన్న సుందర్రావు గారు మిర్చి లారీ డ్రైవరు. జానీ మాటతీరు లోడు లారీ బ్రిడ్జి ఎక్కుతున్నట్టుండేది. మెల్లగా, మధ్యమధ్య గేరు మార్చుకుంటూ వచ్చేది. అటువంటి మాటకారి పక్కన నావంటిది కూర్చుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. అతని వాక్యాల్లో సగానికి పైగా నా సొంత రచనలే.

మేమిద్దరం ఒక అంతరిక్ష ఆట ఆడేవాళ్ళం. ఆటతో పాటు వచ్చిన ఓడలతోనే అందులో సరిపెట్టుకోనక్కర్లేదు. చేతనైన వాళ్ళు సొంత ఓడలు తయారుచేసి ఆటలోకి చేర్చుకోవచ్చు. దాన్ని మాడ్ అంటారు. లోకంలో అందరూ గద్దల్లాంటివీ, కత్తుల్లాంటివీ చేస్తుంటే, మా జానీ నెలల తరబడి కూర్చుని వాళ్ళ నాన్న లారీని చేశాడు.

ఎంత బాగుండేదో చెప్పలేను. క్యాబిను మీద రంగురంగుల పూలు, వెనక ఆకాశమంత ఎత్తున మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయలు కుక్కిన బస్తాలు, వాటి మీద పట్టా, పట్టా మీద అడ్డంగా నిలువుగా తాళ్ళు. చక్రాల స్థానంలో మంటలు చిమ్మే ఇంజన్లు. తోక మీద 'సౌండ్ హారన్' అన్న అక్షరాలు. మీట నొక్కితే హైవే మీద మనల్ని పక్కకు గెంటే అదే గాలి హారన్. బంపరు కింద, సరిగ్గా మధ్యలో, పచ్చని నిమ్మకాయా, దానికి అటూ ఇటూ మిరపకాయలూ.

మా ఆఖరి ఏడాది కళాశాల వార్షికోత్సవంలో ఇలాంటి వాటికి ఒక పోటీ పెట్టారు. ఇద్దరేసి జట్టు. ఒకరు తయారుచేయాలి, ఒకరు వేదిక మీద వివరించాలి. తయారీ జానీది, నోరు నాది. జానీకి ఈ పోటీ ఆట కాదు. డిగ్రీ అయ్యాక ఓడలు చేసే ఉద్యోగమే వెతుక్కుంటానని ఇంట్లో చెబితే, వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశారట. "నేనొచ్చి చూస్తాన్రా. అది నలుగురి ముందు ఎగిరితే నీ ఇష్టం. ఎగరలేదా, బ్రాడీపేట పోయి బ్యాంకు పరీక్షలకి కూర్చో."

పోటీకి ముందు రోజు ల్యాబులో నా కన్ను నిమ్మకాయ మీద పడింది.

"జానీ, ఏంటిది?"

"నిమ్మకాయ."

"అది కనపడుతోంది. శూన్యంలో దిష్టి పెట్టేదెవరు? శని గ్రహమా? అయినా నువ్వు ఆదివారం చర్చికెళ్ళేవాడివి, నీకు నిమ్మకాయతో పనేంటి?"

"నాకేం పని లేదు. లారీకి ఉంది."

"లారీకి ఉన్నవన్నీ ఉండాలా? శూన్యంలో శబ్దమే పుట్టదు, అయినా హారన్ పెట్టావు. నేనేమైనా అన్నానా?"

"నిన్నంతా అదే అన్నావు."

"సరే, హారన్ వదిలేశాను. నిమ్మకాయ మాత్రం సిద్ధాంతానికి సంబంధించిన విషయం. అంతరిక్షాన్ని జయించిన మనిషి పులుపు చూసి ధైర్యం తెచ్చుకుంటాడా? తీసెయ్."

"మాధవీ, అది తీస్తే..."

"తీస్తే ఏమవుతుంది? అరిష్టమా?"

"కాదే, అది తీస్తే మొత్తం..."

"మొత్తం అందం పోతుందంటావు. అందం కోసం మూఢత్వాన్ని మొయ్యాలా? అసలు సంప్రదాయం పేరుతో మనం..."

నేను ఇంకా చాలా చెప్పాను. ముగించి చూసేసరికి జానీ బ్యాగు సర్దుకుని టీకి వెళ్ళిపోయాడు. ప్రతిపక్షం సభ నుంచి నిష్క్రమించింది కనుక తీర్మానం నెగ్గినట్టేనని నా అంతరాత్మ ప్రకటించింది.

మర్నాడు పొద్దున్నే, ప్రదర్శనకు వాడబోయే నా ల్యాప్‌టాపులో ఓడ ఫైలు తెరిచాను. నిమ్మకాయ అన్న భాగాన్ని వెతికి తీసేశాను. ఆట తెరిచి చూశాను. ఓడ రేవులో చక్కగా నిలబడి ఉంది. టిక్కీలున్నాయి, తాళ్ళున్నాయి, పూలున్నాయి. అరిష్టం జాడ ఎక్కడా లేదు. ఒక యుగం నాటి అంధకారాన్ని ఒక్క మీటతో తుడిచేశానన్న గర్వంతో ఆ గట్టి ఇడ్లీలను కూడా ప్రశ్నించకుండా తిన్నాను.

మధ్యాహ్నం సెమినారు హాలు కిటకిటలాడింది. న్యాయనిర్ణేత హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీ నుంచి వచ్చినాయన. వెనక వరుసలో ఖాకీ చొక్కా మీద తువ్వాలు వేసుకుని సుందర్రావు గారు కూర్చున్నారు. గుంటూరు యార్డుకు పోవలసిన లోడును హైవే పక్కన ఆపి మరీ వచ్చారు. నేను మైకు పట్టుకుని నాగరికత, స్వావలంబన, ప్రాంతీయ అస్తిత్వం వంటి మాటలతో సభను ఉర్రూతలూగించి, చివర "ఎగురు జానీ!" అన్నాను.

జానీ మీట నొక్కాడు. ఇంజన్లు మండాయి. హారన్ మోగింది. హాలంతా ఈలలు.

ఓడ రేవు దాటిందో లేదో, ఎడమ ఇంజను తన దారి తాను చూసుకుంది. కుడి ఇంజను సూర్యుడి వైపు తిరిగింది. క్యాబిను పల్టీ కొడుతూ వెళ్ళిపోయింది. పట్టా విమాన టిక్కెట్టు దొరికిన దుప్పటిలా తేలిపోయింది. ఇక టిక్కీలు! ఒక్కో టిక్కీ ఒక్కో గ్రహానికి ప్రయాణం కట్టింది. సౌరకుటుంబం మొత్తానికి ఏడాదికి సరిపడా కారం పంపిణీ అయిందంటే అతిశయోక్తి కాదు. చివరకు తెర మీద ఏమీ మిగలలేదు. హారన్ మాత్రం మోగుతూనే ఉంది. మోగించడానికి లారీ అంటూ లేకపోయినా, ఆ ఖాళీ చీకట్లో అది మోగుతూనే ఉంది.

ముందు రోజు ల్యాబులో ఓడను చూసినవాడెవడో అరిచాడు. "ఒరేయ్, నిమ్మకాయ లేదురా! నిమ్మకాయ తీసేశార్రా!"

హాలు దద్దరిల్లింది. వారం తిరగకుండానే ల్యాబులో కంప్యూటర్లకు నిమ్మకాయలు వెలిశాయి. ఆ తర్వాత ఏ డిబేటుకు వెళ్ళినా ప్రతిపక్షం నా బల్ల మీద ముందుగా ఒక నిమ్మకాయ పెట్టి, అప్పుడు నమస్కారం పెట్టేది.

కానీ పాఠకులారా, నన్ను ఈనాటికీ తినేస్తున్నది ఆ నవ్వు కాదు. న్యాయనిర్ణేత "ఏమైందమ్మా?" అని అడిగారు. మైకు నా చేతిలోనే ఉంది. జానీ వంగి ఫైలు చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. తర్వాత నా చేతిలోని మైకు దగ్గరకు మొహం తెచ్చి, "లోడు సరిగ్గా కట్టలేదండి. పొరపాటు నాదే" అన్నాడు.

లారీ డ్రైవరు కొడుకు, తండ్రి ఎదుట, లోడు సరిగ్గా కట్టలేదని చెప్పాడు. సుందర్రావు గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయారు. ఇడ్లీ మీద గంట మాట్లాడగల నేను ఆ నిమిషంలో ఒక్క అక్షరం పలకలేదు.

హాలు ఖాళీ అయ్యాక అడిగాను. "అసలు ఏమైంది జానీ?"

"నాకు మొదట్లో గుండ్రటివే చెయ్యడం వచ్చేది. అందుకని నిమ్మకాయతో మొదలెట్టా. దానికి బంపరు తగిలించా. బంపరుకి క్యాబిను. క్యాబినుకి బాడీ. అట్టా తోక దాకా పోయా. ఓడలో ప్రతి ముక్కా తిరిగి తిరిగి ఆ నిమ్మకాయనే పట్టుకుని ఉంది."

"మరి రేవులో బాగానే నిలబడిందే!"

"నిలబడ్డప్పుడు ఏదైనా నిలబడుద్ది. కదిలినప్పుడే గదా తెలిసేది."

"ముందే చెప్పొచ్చుగా!"

జానీ నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను.

నిజం చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ప్రారంభోపన్యాసం, ఖండన, ముగింపు అన్నీ సిద్ధం చేసుకుని ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. చదువు ముగించి అప్పటికే బ్రాడీపేటలో చేరిపోయిన జానీ కూడా ఇంటికొచ్చి ఉన్నాడు. చర్చి నుంచి వచ్చిన తెల్లచొక్కాతో సుందర్రావు గారు అరుగు మీద కూర్చున్నారు. ఆయన ముందు నిలబడగానే నా ప్రసంగం ఆ టిక్కీల్లాగే తలో దిక్కుకూ పోయింది.

"జానీ లోడు బాగానే కట్టాడండి. ముడి విప్పింది నేను" అన్నాను.

"ఎందుకమ్మా?"

"నిమ్మకాయ మూఢనమ్మకమని..."

"అది మా ఓనరు కడతాడమ్మా. మావాడు చూసింది చూసినట్టు చేశాడు." అరుగు మీద నాకు చోటు చూపించి అన్నారు. "నాలుగు కప్పులు తెచ్చావంట, అందర్నీ అన్నీ అడుగుతావంట. వాణ్ణి ఒక్క మాట అడగలేకపోయావా?"

 

జానీ ల్యాప్‌టాపు తెచ్చి నిమ్మకాయ ఉన్న ఓడను ఎగరేశాడు. అరుగు మీద, ముగ్గురం చూస్తుండగా, మిర్చి లారీ హారన్ కొట్టుకుంటూ చంద్రుణ్ణి ఓవర్‌టేక్ చేసింది. సుందర్రావు గారు ముందుకు వంగి చాలాసేపు చూశారు.

"లోడు బాగా కట్టావురా. పట్టా తాడే కాస్త వదులు."

"మరి కోచింగు మాన్పిస్తారా అంకుల్?" అన్నాను ఆశగా.

"మాటంటే మాటేనమ్మా. నలుగురి ముందు ఎగరలేదుగా. ముందు పరీక్షలు రాయనీ. ఆదివారం మాత్రం వాడిష్టం."

అలా జానీ వారంలో ఆరు రోజులు వడ్డీ లెక్కలు చేస్తాడు, ఏడో రోజు చర్చి అయ్యాక ఓడలు చేస్తాడు. ఆ ఆరు రోజులూ నా ఖాతాలోనివే. మిర్చి ఓడను అందరూ ఆడుకోవడానికి ఇంటర్నెట్లో పెట్టాడు. దాని కింద ఒకే ఒక్క సూచన రాశాడు: 'నిమ్మకాయ తీయవద్దు. తీస్తే ఏమవుతుందో మాధవిని అడగండి.' ఏ దేశం వారో తెలియని వారు ఇప్పుడు నన్ను రోజూ అడుగుతున్నారు. ప్రశ్నించే హక్కు కోసం పోరాడిన దాన్ని కనుక కాదనలేక, అందరికీ జవాబు చెబుతున్నాను.

మొన్న ఆదివారం జానీ ఫోన్ చేశాడు.

"కొత్త ఓడ చేశానే. ట్రాక్టరు. ముందు గుమ్మడికాయ కట్టా."

"గుమ్మడికాయా?" అన్నాను.

"అది తీస్తే..." అని ఆగాడు.

నేను ఆగాను. అతనూ ఆగాడు. అవతల బ్రాడీపేట ఆటోల హారన్లు వినపడుతున్నాయి.

"ఏందే, లైన్లో ఉన్నావా?"

"ఉన్నాను. నువ్వే పూర్తి చెయ్యి."

"అది తీస్తే ఏం కాదు. ఊరికే అందానికి పెట్టా."

కనుక, గౌరవనీయులైన పాఠకుల సమక్షంలో, నా కప్పులన్నిటి మీదా చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. భూమి మీద గానీ, ఆకాశంలో గానీ, ఇంకొకరి ఓడ నుంచి ఆవగింజంత కూడా అడగకుండా తీయను. ఇంకొకరి వాక్యాన్ని, అది ఎంత పెద్ద బ్రిడ్జి ఎక్కుతున్నా సరే, నేను పూర్తి చేయను. ట్రాక్టరు ఫైలు నా ల్యాప్‌టాపులోనే ఉంది. ఏమీ కాదని అతనే చెప్పాడు. అయినా ఆ గుమ్మడికాయను నేను ముట్టుకోలేదు.